తువ్వాలు వేసిన విమానం

క్షేమంగా తిరిగొచ్చాను. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే కథలో పట్టు పోతుందని మా ఆవిడ హెచ్చరించింది. పోతే పోనివ్వండి. పద్దెనిమిదేళ్ళుగా విమాన కంపెనీలో ఉద్యోగం చేస్తూ, ఆ పద్దెనిమిదేళ్ళూ విమానం ఎక్కకుండా తప్పించుకు తిరిగిన మనిషిని నేను. అలాంటివాణ్ణి ఆరు రోజులు గన్నవరం, బెజవాడ, పామర్రు చుట్టబెట్టి, వెళ్ళేటప్పుడు ఎన్ని అవయవాలున్నాయో అన్నిటితోనూ ఇల్లు చేరానంటే పాఠకులు నాతోపాటు ఒకసారి హమ్మయ్య అనాలి. అన్నారా? సరే, ఇక వినండి.

మా కంపెనీ హైదరాబాదు ఆఫీసులో నేను సూపరింటెండెంటుని. ఏ విమానంలో ఎంతమంది ఎక్కారు, ఎన్ని సీట్లు ఊరికే ఎగిరాయి అన్నది దుప్పటంత కాయితాల మీద గళ్ళు గీసి నింపడం నా పని. మా మేనేజరు గారు బొంబాయిలో మూడు వారాలు మేనేజిమెంటు శిక్షణ పొంది వచ్చారు. అప్పట్నుంచి ఆయన ఇంట్లో కూడా గ్రాఫు గీయకుండా పప్పు మారు వడ్డించుకోవడం లేదని వదంతి. ఒక ఉదయం నన్ను పిలిచి, గోడ మీది గ్రాఫులో నేలకి జారిపోతున్న ఎర్రగీతను బెత్తంతో తాకారు.

"ఇదేమిటి?"

"గీతండీ."

"గన్నవరం! విశాఖపట్నం నుంచి వచ్చే విమానం అక్కడ దిగి, మళ్ళీ ఎగిరి మన దగ్గరకి రావాలి. చమురు ధర చూస్తే మండిపోతోంది. అక్కడి వాళ్ళకి ఇరవై సీట్లు అట్టేపెడితే ఎనిమిదిమందో తొమ్మిదిమందో ఎక్కుతున్నారు. డెల్టా వాళ్ళకి విమానం అక్కర్లేదు. అక్కడ దిగడం మానేద్దాం."

అంటూ ఒక గోధుమరంగు కవరు నా చేతిలో పెట్టారు. లోపల నాలుగు పేజీల టైపు చేసిన నివేదిక. 'ప్రత్యక్షంగా పరిశీలించిన మీదట' అని మొదలై, 'గన్నవరం స్టేషను మూసివేయవచ్చును' అని ముగిసింది. చివర తేదీకి, నా సంతకానికి జాగా వదిలారు.

"పరిశీలించిన మీదట అని ఉందండీ. ఇంకా ఎవరూ పరిశీలించలేదు కదా?"

"దానికేగా మిమ్మల్ని పంపిస్తున్నది! చూసి, సంతకం పెట్టి తీసుకురండి."

"రైల్లో వెళ్ళి రానాండీ?" అన్నాను, వీలైనంత దీనంగా.

ఆయన నన్ను చూసిన చూపుకి గోడ మీది గీత ఇంకో అంగుళం జారింది.

ఆకాశం

విమానంలో నాతో కలిపి పన్నెండుగురం. రెక్కల మీది పంకాలు తిరగడం మొదలెట్టాయి. మా ఇంట్లో ఫ్యాను చప్పుడు కన్నా ఇది నయమే అనుకుని ధైర్యం తెచ్చుకోబోయాను. ఆ ఫ్యాను కిందటి వేసవిలో ఊడిపడిన సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

ఎయిర్‌హోస్టెసు పళ్ళెంలో పిప్పరమెంట్లు, చెవుల్లో పెట్టుకోడానికి దూది తెచ్చింది. కంగారులో నేను దూది నోట్లోనూ, పిప్పరమెంటు చెవిలోనూ పెట్టుకున్నానని తోటి ప్రయాణికుడొకాయన ప్రచారం చేస్తున్నట్టు తెలిసింది. శుద్ధ అబద్ధం. పిప్పరమెంటు చెవి దాకా వెళ్ళిన మాట నిజం. పెట్టలేదు.

పైనుంచి చూస్తే కృష్ణ వెడల్పాటి జరీ అంచులా ఉంటుంది. కాలవలు పచ్చటి పొలాల్ని గళ్ళ తువ్వాలులా విడదీస్తాయి. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను కనుక ఈ వర్ణన పక్క సీటాయనది. చక్రాలు నేలకి తగిలిన చప్పుడు మాత్రం నా స్వానుభవం. అంత కమ్మటి సంగీతం నేను జన్మలో వినలేదు.

గన్నవరం

విమానం దిగినవాళ్ళం పన్నెండుగురమైతే, దాన్ని చూడ్డానికి కంచె అవతల నిలబడినవాళ్ళు పన్నెండు వేలు. పోనీ, నూటఇరవై. గోళీసోడాలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేరుశెనగలు జోరుగా అమ్ముడుపోతున్నాయి. మా కంపెనీ విమానాలు మానేసి కంచె పక్కన సోడా అమ్ముకుంటే ఆ ఎర్రగీత ఆకాశానికంటేదని నాకప్పుడే అనిపించింది.

స్టేషను ఇన్‌చార్జి కరుణాకరం గారు ఎదురొచ్చారు. ఆయన తెల్లటి యూనిఫారానికి ఎంత గంజి పట్టిందంటే, ఆయన ఆగినా అది ఇంకో అడుగు వేసి ఆగింది. టికెట్లు చూసేదీ, సామాను తూచేదీ, గాలి ఎటు వీస్తోందో చెప్పేదీ, రన్‌వే మీదికొచ్చిన గేదెల్ని తోలేదీ ఆయనే. నమస్కారం పెట్టి, నా సంచీ వంక చూసి, నెమ్మదిగా అడిగారు.

"కవరు తెచ్చారాండీ?"

కవరు మీద 'రహస్యం' అని ముద్ర ఉంది. మా ఆఫీసులో రహస్యం హైదరాబాదులో టైపవుతుండగానే గన్నవరంలో వినపడుతుంది.

మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. ఆయన భార్య సరోజినమ్మ గారు అక్కడి మిషన్ బళ్ళో టీచరు. బొమ్మిడాయల పులుసు వండారు. మా ఇంట్లో భోజనానికి ముందు మేం పోట్లాడుకుంటాం, వాళ్ళింట్లో ప్రార్థన చేస్తారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను పులుసు మీద ఒక కన్ను ఉంచి రెండోది మూసుకున్నాను.

"ప్రేమగల తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించుము. హైదరాబాదు నుంచి వచ్చిన సారుగారిని దీవించుము. ఆయన మనసు మెత్తబరచుము. ఆయన చేతికి సంతకం చేయు బుద్ధి పుట్టకుండునట్లు..."

"సరోజినీ!" అన్నారు కరుణాకరం గారు కళ్ళు తెరవకుండానే.

"దేవుడితో చెప్పుకుంటున్నానండీ, ఆయనతో కాదు. ఆమెన్."

పులుసు తింటుంటే ఆవిడ అసలు సంగతి చెప్పారు. స్టేషను మూస్తే కరుణాకరం గారిని దేశానికి ఆ చివర, తూర్పు కొండల్లోని స్టేషనుకి పంపుతారట. అక్కడ ఏడాదికి తొమ్మిది నెలలు మంచు.

"ఈయనకి ఉబ్బసం అండీ. గన్నవరంలో మబ్బు పడితేనే రాత్రంతా కూర్చుంటారు. ఆ కొండల మీద ఎట్టా బతుకుతారండీ?"

చేతిలోని బొమ్మిడాయని కంచంలో దింపేశాను. ముల్లు చూసి కాదు.

"చూడండి కరుణాకరం గారూ," అన్నాను, మంచినీళ్ళు తాగి. "శనివారం దాకా ఇక్కడే ఉంటాను. నా కళ్ళ ముందు ఒక్క విమానం, ఒక్కటంటే ఒక్కటి, సీటు ఖాళీ లేకుండా ఎగిరిందా, నేను ఈ కాయితం మీద సంతకం పెట్టను. ఎగరలేదా, ఇక నా చేతుల్లో లేదు."

ఆయన తల పట్టుకున్నారు. "అదే అర్థం కావట్లేదు సార్. బుకింగ్ పుస్తకం చూస్తే కిటకిటలాడుతుంది. విమానం చూస్తే ఖాళీ. మధ్యలో మనుషులు ఏమైపోతున్నారో!"

గవర్నరుపేట పుస్తకం

ఆ మాయమయ్యే మనుషుల్ని వెతుక్కుంటూ మర్నాడు బెజవాడ వెళ్ళాను. బెజవాడ ఎండ గురించి హైదరాబాదు వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మా దగ్గర ఎండ పైనుంచి పడుతుంది. అక్కడ నాలుగు వైపుల నుంచీ వచ్చి జేబులు కూడా తడుముతుంది. ఒక హోటల్లో అర్ధరూపాయికి రెండు ఇడ్లీలు పెట్టి, వాటి మీద కారప్పొడి చల్లి, నెయ్యి పోశారు. మొదటి ముద్దకే నా కళ్ళ వెంట కృష్ణ పారింది. రెండో ప్లేటు కూడా తిన్నాను. మూడోది తినలేదని ప్రమాణం చెయ్యను.

మా బుకింగ్ ఆఫీసు గవర్నరుపేటలో ఉంది. గుమస్తా పానకాలు వయసులో నాకన్నా పెద్దవాడు, మర్యాదలో దేశంలో అందరికన్నా పెద్దవాడు. నేను వెళ్ళేసరికి తలపాగా చుట్టుకున్న రైతొకాయన కౌంటరు ముందున్నాడు.

"రెండంటే రెండే సీట్లయ్యా. నాకూ, మా ఇంటిదానికీ."

"లేవండీ. క్షమించాలి. శనివారం దాకా నిండిపోయాయండీ."

"మొన్నా అదే అన్నావు, అంతకుముందూ అదే అన్నావు. అసలు ఈ ఊళ్ళో జనం నేల మీద నడుస్తున్నారా, లేదా?"

ఆయన కోపంగా వెళ్ళిపోయాడు. నేను పుస్తకం తిప్పాను. రోజుకో పేజీ, పేజీకి ఇరవై పేర్లు. నిజంగానే నిండుగా ఉంది. వెంకటరత్నం, బట్టల వ్యాపారం, వన్‌టౌన్. సోమవారం వెంకటరత్నం. మంగళవారం వెంకటరత్నం. శనివారం దాకా వెంకటరత్నమే. ఆయన కింద అలాంటివాళ్ళే మరో పదకొండుమంది షావుకార్లు.

"ఈయన రోజూ హైదరాబాదు వెళ్ళొస్తాడా?"

"లేదండీ. ఏదో ఒక రోజు వెళ్తారు. ఏ రోజో వారికీ తెలియదండీ."

"ముందురోజు మధ్యాహ్నానికి టికెట్టు కొనకపోతే పేరు ఎర్రసిరాతో కొట్టేసి, ఆ సీటు ఇంకొకరికి ఇవ్వాలని రూలుంది కదయ్యా?"

పానకాలు సొరుగు లాగి ఎర్రసిరా బుడ్డి చూపించాడు. మూత తుప్పుపట్టి బుడ్డికి అతుక్కుపోయింది.

"బతికున్న మనిషి పేరు ఎర్రసిరాతో కొట్టేస్తామా అండీ? పిల్లలు గలవాళ్ళు! ఒకసారి కొట్టాను. ఆ సాయంత్రమే ఆయనకి జ్వరం తగిలింది. వాళ్ళావిడ ఇక్కడికొచ్చి నన్ను తిట్టిన తిట్లు బందరు దాకా వినపడ్డాయండీ. అప్పట్నుంచి ఆ బుడ్డి తియ్యలేదు."

వన్‌టౌన్

వెంకటరత్నం గారి కొట్టులో తెల్లటి పరుపుల మీద నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కాలవ గట్టు ఊళ్ళలో నేసిన చీరలు ఒక్కొక్కటే నా ఒళ్ళో వచ్చి పడుతున్నాయి. నేను విచారణకి వచ్చానని చెప్పేలోగా ఒక చీర కొనేశాను. ముప్ఫై అయిదు రూపాయలు. హైదరాబాదులో యాభై. ఈ లెక్క మా ఆవిడ మూడుసార్లు అడిగి చెప్పించుకుంది.

"ఆరు రోజులకీ పేరు రాయించడమేమిటండీ?" అన్నాను చివరికి.

"తువ్వాలు వేశానండీ," అన్నారాయన, అందులో దాపరికమేముందన్నట్టు.

"తువ్వాలా?"

"బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోమా? ఇదీ అంతే. హైదరాబాదు పార్టీ ఏ రోజు ట్రంకాలు చేసి రమ్మంటాడో నాకేం తెలుసు? అందుకని ఆరు రోజులకీ ఆరు తువ్వాళ్ళు. ఎవరికి నష్టమండీ?"

నష్టం ఎవరికో చెప్దామని నోరు తెరిచాను. ఆయన ఇంకో చీర విప్పారు. నోరు మూసుకుని బయటపడ్డాను.

పామర్రు

ఆ నష్టం గురువారం నాడు బస్సులో నా పక్కనే కూర్చుంది. డెల్టా చూడకుండా వెళ్ళడమెందుకని పామర్రు బస్సెక్కాను. ఖాళీ సీటు కనపడింది, కూర్చున్నాను. కింద ఏదో మెత్తగా తగిలింది. తువ్వాలు.

"ఏవండోయ్! తువ్వాలు కనపళ్ళేదా?" అని కిటికీ బయటినుంచి కేక. తువ్వాలు యజమాని లోపలికొచ్చాడు. గవర్నరుపేటలో మా పానకాలుతో పోట్లాడిన తలపాగా ఆయనే. పేరు బసవయ్య. సగం సీటు దయచేశాడు. ఆయన ముప్పావు సీటు మనిషి కావడంతో నాకు మిగిలింది పావు. ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ మడ్డివాసన బస్సులో నిండేసరికి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. నేను ఏ కంపెనీ వాణ్ణో చెప్పాను. స్నేహం చెడింది.

"మా కోటమ్మకి కళ్ళు మసకేశాయండీ. వచ్చే సోమవారం హైదరాబాదులో ఆపరేషన్. రైల్లోనే పోవచ్చు. కానీ ఆపరేషన్ ఎట్టా అవుద్దో ఏమో, ఈ కాస్త చూపు ఉండగానే ఆకాశం మీంచి మన పొలం చూడాలి అంటది. పెళ్ళయిన ముప్ఫైయేళ్ళలో అది నన్నడిగింది అదొక్కటే. మీరేమో మూడుసార్లు లేవన్నారు."

నేను పావు సీటులో ఇంకా ముడుచుకున్నాను. ఆయన్ని లేవు పొమ్మన్న రోజే విమానంలో పన్నెండు సీట్లు ఊరికే ఎగిరాయని ఆయనకి ఎలా చెప్పను?

తిట్టినందుకు పరిహారంగా కాబోలు, పామర్రులో దించి భోజనానికి ఇంటికి తీసుకెళ్ళాడు. ముద్దపప్పు, ఆవకాయ, చెయ్యి పెడితే అచ్చుపడే గడ్డపెరుగు. కోటమ్మ గారు నా మొహం పోల్చుకోడానికి బాగా దగ్గరికొచ్చి చూసి, ఒకటే ప్రశ్న వేసింది.

"ఇమానం మా పొలం మీంచే పోద్దా నాయనా?"

"మీ పొలం మీంచేనమ్మా," అన్నాను. విమానం ఎటు పోతుందో నాకెలా తెలుస్తుంది, కళ్ళు మూసుకున్నవాణ్ణి?

హనుమాన్ జంక్షన్

పామర్రు నుంచి గుడివాడ మీదుగా సాయంత్రానికి హనుమాన్ జంక్షన్ చేరాను. లారీలు, మిరపకాయ బజ్జీలు, హారన్లు. ఈ మూడూ లేని గజం నేల అక్కడ లేదు. గన్నవరం పోయే టాక్సీ మస్తాన్‌ది. పాత అంబాసిడర్. సీట్ల మీద రంగురంగుల తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. లెక్కపెడితే పన్నెండు.

"మస్తానూ, పన్నెండు తువ్వాళ్ళున్నాయి. ఇందులో పట్టేది ఎందరు?"

"తొమ్మిదిమంది సారూ."

"మరి మిగతా ముగ్గురు?"

"రారు."

"ఎలా తెలుసు?"

అతను బానెట్‌కి జారగిలబడి, చదువురానివాడికి అక్షరాలు దిద్దించే ఓపికతో చెప్పాడు. "తువ్వాలేసిన ప్రతోడూ వస్తాడా సారూ? ఒకడు బజ్జీల కొట్టుకాడ చిక్కుకుంటాడు. ఒకడికి బావమరిది కనపడతాడు. మామూలు రోజు పన్నెండుకి ముగ్గురు ఎగ్గొడతారు. పెళ్ళిళ్ళ రోజుల్లో తువ్వాలుకి ఇద్దరొస్తారు. అమావాస్య నాడు షావుకారు ఒక్కడూ కదలడు." డ్యాష్‌బోర్డు అరలోంచి నలిగిన పంచాంగం తీశాడు.

"నీకు పంచాంగమెందుకయ్యా?"

"నాకు కాదు సారూ, నా సీట్లకి."

"లెక్క తప్పి పదోవాడొస్తే?"

"కాస్త మెత్తగా ఉన్నోణ్ణి చూసి, అన్నా, నువ్వు దిగు, గోళీసోడా తాగు, తర్వాత బండిలో ముందు సీటు నీదే అంటాను. సోడా నాదే. సంతోషంగా దిగుతాడు. తువ్వాలుని తియ్యకూడదు సారూ, గొడవలైపోతాయి. దాని మీద ఇంకోణ్ణి కూర్చోబెట్టెయ్యాలి."

నేను రోడ్డు పక్కనే కూలబడ్డాను. బొంబాయి మూడు వారాల శిక్షణ ఒక బానెట్ మీద రెండు నిమిషాల్లో పూర్తయింది.

"మా మేనేజరు గారు ఇదే నేర్చుకోడానికి బొంబాయి వెళ్ళారయ్యా."

"అయ్యో పాపం! జంక్షన్‌కి రాకపోయారా? బొంబాయి చార్జీ మిగిలేది."

ముప్ఫై ఒక్క పేర్లు

శుక్రవారం పొద్దున్న గవర్నరుపేటలో నలుగురం సమావేశమయ్యాం. కరుణాకరం గారు, పానకాలు, నేను, మా సలహాదారు మస్తాన్. మర్నాటి పేజీ ముందేసుకున్నాం. ఇరవై పేర్లు.

మస్తాన్ పేర్లన్నీ చదివించుకుని, పంచాంగం తిరగేశాడు. "రేపు అమావాస్య. ఈ పన్నెండుమంది షావుకార్లూ రారు. మిగతా ఎనిమిదిమందీ డాక్టర్లు, ఆఫీసర్లు, వాళ్ళొస్తారు. కింద ఇంకో పదకొండు పేర్లు రాసుకోండి. సారు ఒకరు. సరిగ్గా ఇరవై."

కరుణాకరం గారికి చెమటలు పోశాయి. "ఇరవై సీట్లకి ముప్ఫై ఒక్క పేర్లా? అందరూ వస్తే నా ఉద్యోగం పోతుంది సార్."

"రాకపోయినా పోతుంది కదండీ," అన్నాను. అనవలసిన మాట కాదు. కానీ పనిచేసింది.

పానకాలు తన జన్మలో మొదటిసారి ఇరవై దాటి పేరు రాయడానికి కలం పట్టాడు. ఎవర్నీ కొట్టెయ్యక్కర్లేదని తెలిశాక అతని మొహం వెలిగిపోయింది. తను లేవు పొమ్మన్న వాళ్ళందరి ఊరూ పేరూ అతనికి గుర్తున్నాయి. తొమ్మిదిమంది ఇళ్ళకి సైకిలు తొక్కాడు. పామర్రుకి బస్సులో వెళ్ళి చెప్పొచ్చాడు. చివరి రెండు పేర్లు బసవయ్య, కోటమ్మ.

శనివారం విమానం రావడానికి గంట ముందు గన్నవరంలో మనిషి జాడ లేదు. కరుణాకరం గారు గాలి ఎటో చూపే గుడ్డగొట్టం వంక చూస్తున్నట్టు నటిస్తూ రోడ్డు వంక చూస్తున్నారు. సరోజినమ్మ గారు కంచె దగ్గర నిలబడి పెదాలు కదుపుతున్నారు. ఈసారి దేవుడితో ఏం చెప్పుకుంటున్నారో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ముందు ఒక డాక్టరు దిగాడు. తరవాత లెక్చరరు, ఆయన భార్య. తరవాత వరసగా. ఈ యాత్రలో నేను పెంచి చెప్పని అంకె ఇదొక్కటే: మొత్తం పంతొమ్మిదిమంది వచ్చారు. షావుకారు ఒక్కడూ లేడు. కోటమ్మ గారు కొత్త చీర కట్టుకుని బసవయ్య చెయ్యి పట్టుకుని వచ్చింది.

"అమావాస్య పూట బయల్దేరారే!" అన్నాను.

"మసకేసిన కంటికి అమావాస్యేంటి, పున్నమేంటి నాయనా!"

పంతొమ్మిది, నాతో ఇరవై. కరుణాకరం గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. విమానం దిగింది. ఒక్కొక్కరే మెట్ల దగ్గరికి నడుస్తున్నారు. సరిగ్గా అప్పుడు, దుమ్ము లేపుకుంటూ మస్తాన్ అంబాసిడర్ వచ్చి ఆగింది. అందులోంచి చీరల మూటతో సహా దిగినవారు వెంకటరత్నం గారు.

"ఆపండి, ఆపండి! నా సీటు!"

"అమావాస్య కదండీ!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"అయితేనేం? నిన్న మంచి ఘడియలో ప్రస్థానం పెట్టుకున్నా! నా సంచీ నిన్ననే ఇంట్లోంచి బయల్దేరి మా బావగారింటికి పోయింది. శాస్త్రప్రకారం నేను నిన్న ప్రయాణమైనట్టే. ఇవాళ నా సంచీని నేను కలుసుకున్నా, అంతే. ట్రంకాలు వచ్చిందండీ, తప్పదు."

మస్తాన్ నుదురు కొట్టుకున్నాడు. "ప్రస్థానం మర్చిపోయాను సారూ!"

ఇరవైయొక్కమంది. పుస్తకంలో వెంకటరత్నం గారి పేరు మొదట, కోటమ్మ పేరు చిట్టచివర. కరుణాకరం గారు జాబితా వంక చూశారు, మెట్ల వంక చూశారు. కోటమ్మ గారి చెయ్యి అప్పటికే మెట్ల కడ్డీ మీద ఉంది. ఏం జరుగుతోందో ఆవిడకి కనపడ్డం లేదు. బసవయ్యకి కనపడుతోంది. ఆయన తలపాగా విప్పి, మళ్ళీ చుట్టుకుని, మళ్ళీ విప్పాడు.

"నేను ఆగిపోతాను," అన్నాను.

కరుణాకరం గారి కళ్ళు చెమర్చాయి. సరోజినమ్మ గారు కంచె అవతల నుంచే దణ్ణం పెట్టారు. వెంకటరత్నం గారు నా త్యాగానికి మెచ్చి, ఈసారి చీర కొంటే తగ్గించి ఇస్తానన్నారు. నేను తలవంచుకుని, గంభీరంగా, మహాత్ముల ఫొటోల్లో ఉండే ముఖంతో నిలబడ్డాను. నిజం ఇప్పుడు పాఠకులకే చెబుతున్నాను: ఆ విమానం ఎక్కక్కర్లేదని తెలిసిన క్షణాన, శుక్రవారం నుంచి నా కడుపులో చక్కర్లు కొడుతున్న విమానం ఠపీమని నేలకి దిగింది.

తలుపు మూశారు. పంకాలు తిరిగాయి. సీటు ఖాళీ లేని విమానం గన్నవరం మీంచి లేచింది. నేల మీద నుంచి చూస్తే విమానం ఎంత అందంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఒక కిటికీలో తువ్వాలొకటి ఊగినట్టనిపించింది. కరుణాకరం గారు విమానం ఎటు తిరిగిందో చెప్పారు.

"దక్షిణం వైపు ఒక చుట్టు తిప్పమని పైలట్‌ని బతిమాలాను సార్. పామర్రు మీంచి పోతుంది."

మస్తాన్ నా చేతిలో చల్లటి గోళీసోడా పెట్టాడు. "తర్వాత బండిలో ముందు సీటు మీదే సారూ."

తరవాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నేను రాసిన కొత్త నివేదిక మేనేజరు గారు రెండుసార్లు చదివారు. ఆ పద్ధతికి ఇంగ్లీషులో ఒక బారెడు పేరు పెట్టి, తన పేరుతో బొంబాయి పంపారు. వాళ్ళు మెచ్చుకున్నారట. మెచ్చుకోనివ్వండి. గన్నవరంలో విమానం దిగుతోంది, కరుణాకరం గారు గేదెల్ని తోలుతున్నారు, పానకాలు పంచాంగం కొన్నాడు. కోటమ్మ గారి కన్ను బాగయిందని బసవయ్య కార్డు రాశాడు. రెండో కంటికి కూడా విమానం కావాలంటోందట.

బెజవాడ స్టేషన్

మాట ప్రకారం మస్తాన్ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి రైల్వేస్టేషన్‌లో దించాడు. సాయంకాలం బండి. ప్లాట్‌ఫారం మీద బెజవాడ అంతా ఉంది, ఏలూరులో సగం ఉంది. బండి ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు పావురాల్లా లోపలికి ఎగిరాయి. నా తువ్వాలు హోటల్లో మర్చిపోయాను. జేబులు వెతికాను, సంచీ వెతికాను. చేతికి గోధుమరంగు కవరు తగిలింది.

విసిరాను. వెళ్ళి కిటికీ పక్క సీటులో చక్కగా పడింది.

తోసుకుంటూ లోపలికి వెళ్ళేసరికి కాషాయం రంగు చొక్కా మనిషొకడు ఆ సీటు దగ్గర నిలబడి, 'రహస్యం' అన్న ముద్ర చూసి, కూర్చోడానికి జంకుతున్నాడు.

"ఈ కాయితాలు తమరివాండీ? ముఖ్యమైనవల్లే ఉన్నాయి!"

"అబ్బే, కాదండీ," అన్నాను, వాటి మీద హాయిగా కూర్చుంటూ. "సీటు కోసం తెచ్చుకున్నవి."